కథలు రాయడానికి పీజీ ఉందట, చేరాలా వద్దా?

ఏటా అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఈ ప్రశ్న నా దగ్గరికి వస్తుంది. గుంటూరులో డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు పాఠాలు చెబుతూ తెలుగులో కథలు రాసుకునేదాన్ని కాబట్టి, రాయాలన్న తపన ఉన్న పాత విద్యార్థులు గుర్తుపెట్టుకుని మరీ ఫోన్ చేస్తారు. ఈ ఏడు వచ్చినమ్మాయి బి.టెక్. చదివింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, ఇంటర్ నుంచీ కథలు రాస్తోంది. బెజవాడలో ఒక కన్సల్టెన్సీ వాళ్లిచ్చిన కాగితం పట్టుకొచ్చింది. ఇంగ్లండులో క్రియేటివ్ రైటింగ్ ఎం.ఏ., ఏడాది కోర్సు, ఫీజూ ఇంటి అద్దే తిండీ అన్నీ కలిపితే 30 లక్షలు దాటుతోంది, అడుగున బ్యాంకు లోన్ వివరాలు. "మేడం, ఇది మన ఎం.ఏ. ఇంగ్లీషు లాంటిదేనా? ఇదే ఇక్కడ చదువుకోలేనా?" అని ఆ అమ్మాయి అడిగింది. వెంట వచ్చిన వాళ్ల నాన్నగారు అంతా ఓపిగ్గా విని, "దీంతో ఏ ఉద్యోగం వస్తుందండీ?" అన్నారు.

రెండూ న్యాయమైన ప్రశ్నలే. కాకపోతే వాటిని కలిపి అడిగినంత కాలం జవాబు దొరకదు. చదువు వేరు, చేసి నేర్చుకునే విద్య వేరు, బతుకుతెరువు వేరు, ఇక్కడ ఈ మూడింటినీ ఒకే కాగితం మీద రాసి ఇచ్చేశారు.

ముందు మన ఎం.ఏ. సంగతి. నాగార్జున విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు ఉంది, ఎం.ఏ. ఇంగ్లీషు ఉంది, 2021 నుంచి వీటికి ఏపీ పీజీసెట్ రాసి చేరాలి. ఎక్కడైనా సాహిత్యంలో ఎం.ఏ. అంటే ఇతరులు రాసినదాన్ని చదివి, విప్పి, దాని కాలంతో, భాషతో, సమాజంతో కలిపి అర్థం చేసుకునే చదువు. ప్రాచీన సాహిత్యం, వ్యాకరణం, ఛందస్సు, విమర్శ, భాషాశాస్త్రం అన్నీ ఉంటాయి. నేను పీజీ చదివిన రెండేళ్లలో కథ గురించి వందల పేజీలు రాశాను గానీ ఒక్క కథ రాసి మార్కులు తెచ్చుకున్న పేపరు లేదు. దాన్ని తప్పుగా చెప్పడం లేదు, ఆ చదువు పనే వేరు. కూచిపూడి నాట్య చరిత్ర మీద పరిశోధన చేయడానికీ, కాళ్లకు గజ్జెలు కట్టుకుని తెల్లారుజామున సాధన చేయడానికీ ఉన్నంత తేడా ఉంది. రెండోదానికి మొదటిది ఎంతో సాయం చేస్తుంది, కానీ దాని బదులు సరిపోదు. ఎం.ఏ. తెలుగు చేస్తే కథకులైపోతామనుకుని చేరి, నన్నయ తన కవిత్వ లక్షణంగా చెప్పుకున్న ప్రసన్నకథాకలితార్థయుక్తి దగ్గర నిరాశపడిన పిల్లల్ని చూశాను. తప్పు వాళ్లదీ కాదు, నన్నయదీ కాదు.

రచనలో పీజీ అంటే అచ్చంగా గజ్జెలు కట్టుకునే చదువు. అక్కడ మీరు సమర్పించే థీసిస్ ఒక కథల సంపుటి, ఒక నవల, లేకపోతే కవితల పుస్తకం. దీనికి బీజం అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పడింది. పై డిగ్రీలకు పరిశోధన వ్యాసం బదులు సృజనాత్మక రచననైనా తీసుకుంటామని 1922లో వాళ్లు ప్రకటించారు, 1936లో రైటర్స్ వర్క్‌షాప్ పేరుతో పద్ధతిగా కోర్సు మొదలైంది. బ్రిటన్‌లో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం 1970లో ఎం.ఏ. పెట్టింది. 2017లో నోబెల్ అందుకున్న కజువో ఇషిగురో అక్కడ చదివినవాడే. ఈ పేరు ప్రతి కన్సల్టెన్సీ కాగితంలోనూ కనిపిస్తుంది. ఆయనతోపాటు, ఆయన తర్వాత చదివిన వందలమంది పేర్లు మాత్రం ఉండవు కాబట్టి ఆ ఒక్క పేరు చూసి లెక్కలు వేసుకోవద్దని మాత్రం చెబుతాను.

పేరు దగ్గర ఇంకో తికమక ఉంది. అమెరికాలో ఈ డిగ్రీని ఎం.ఎఫ్.ఏ. (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్) అంటారు. మన దగ్గర ఎం.ఎఫ్.ఏ. అనగానే పెయింటింగ్, శిల్పం గుర్తొస్తాయి. నిజానికి అర్థం ఒకటే. బొమ్మలు గీసేవాళ్లకీ పాడేవాళ్లకీ కళాశాలలుంటే తప్పులేదనుకునే మనం, రాయడానికి మాత్రం "అది నేర్పితే వచ్చేదా, పుట్టుకతో రావాలి గానీ" అంటాం. ఈ మాట మన పాతవాళ్లు అనలేదు. పదకొండో శతాబ్దంలో సంస్కృతంలో కావ్యశాస్త్రం రాసిన ఆలంకారికుడు మమ్మటుడు కావ్యం పుట్టడానికి కారణాలు చెబుతూ పుట్టుకతో వచ్చే శక్తిని ఒప్పుకున్నాడు, దాని పక్కనే లోకాన్నీ శాస్త్రాలనూ కావ్యాలనూ చూసి సంపాదించే నిపుణతను పెట్టాడు, ఆ తర్వాత కావ్యం తెలిసినవాళ్ల శిక్షణలో చేసే అభ్యాసాన్నీ చేర్చాడు. మూడూ కలిసి ఒకే కారణం అన్నాడు, విడివిడిగా మూడు కారణాలని చెప్పలేదు. కవిత్వం రాయడం నేర్పడానికి సంస్కృతంలో కవిశిక్ష అని ఒక శాఖే ఉంది. మనం ఆ మూడో భాగాన్ని ఎక్కడో జారవిడుచుకున్నాం.

సరే, ఆ కోర్సులో రోజూ ఏం జరుగుతుంది? దాని గుండెకాయ వర్క్‌షాప్. పది పన్నెండుమంది విద్యార్థులు, ఒక రచయిత గురువుగా, వారానికి ఒక క్లాసు. ఇద్దరు తమ కథల్ని వారం ముందే అందరికీ పంచుతారు. మిగతావాళ్లు రెండుసార్లు చదివి, మార్జిన్‌లో రాసి, పేజీ పేజీన్నర ఉత్తరం లాంటిది రాసి తెస్తారు. క్లాసులో ఆ కథ మీద ముప్పావుగంట, గంట చర్చ నడుస్తుంది. పాత పద్ధతిలో అంతసేపూ రచయిత నోరు విప్పకూడదు. ఎందుకంటే రేపు పాఠకుడి పక్కన కూర్చుని "నా ఉద్దేశం అది కాదండీ" అని చెప్పడానికి మీరుండరు, కాగితం మీద ఉన్నదేదో అదే మాట్లాడాలి. ఎత్తుగడ రెండో పేజీలో మొదలైతే మొదటి పేజీ ఎందుకు? ఈ తల్లి పాత్ర కొడుకుతో ఇలా మాట్లాడుతుందా, రచయిత మాటలు ఆమె నోట్లో పెట్టారా? కథ చెబుతున్నది ఎవరు, వాళ్లకి ఈ సంగతి తెలిసే వీలుందా? ఇలాంటి ప్రశ్నలే గంటసేపు. మంచి గురువు దొరికితే ఒక్క సెమిస్టరులో చూపు మారిపోతుంది. పైగా, నా అనుభవంలో, మనిషి ఎక్కువ నేర్చుకునేది తన కథ మీద చర్చ జరిగినప్పుడు కాదు. పక్కవాళ్ల కథ ఎందుకు కుంటుతోందో మాటల్లో పెట్టడానికి కష్టపడినప్పుడే తన కథలోని అదే లోపం కళ్లకు కడుతుంది.

ఈ పద్ధతికి ఇబ్బందులూ ఉన్నాయి. రచయిత మౌనంగా కూర్చోవాలన్న నియమం మిగతా అందరికీ ఆ జీవితం తెలిసినప్పుడే న్యాయంగా పనిచేస్తుంది. మేనరికం అంటే ఏమిటో, మేనమామ మాటకు ఇంట్లో ఎందుకంత బరువో తెలియని పదిమంది మధ్య మన పిల్ల కథ పెడితే, చర్చ కథ మీద నడవదు, మన ఆచారాల మీద నడుస్తుంది. అందుకే ఈమధ్య చాలాచోట్ల పద్ధతి మార్చారు, రచయితే ముందు తన ప్రశ్నలు పెట్టి, వాటి మీద చర్చ నడిపించుకునే వీలు ఇస్తున్నారు. మీరు చేరబోయే చోట ఏ పద్ధతి నడుస్తోందో ముందే అడగండి, సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఇది మన దగ్గర లేదా అంటే, పూర్తిగా లేకపోలేదు. విశ్వనాథ సత్యనారాయణగారు విజయవాడ ఎస్.ఆర్.ఆర్. కాలేజీలో, కరుణశ్రీగారు గుంటూరు ఏ.సి. కాలేజీలో తెలుగు చెప్పిన ఊళ్లు మనవి. అభ్యుదయ రచయితల సంఘం (అరసం) తొలి మహాసభ 1943లో తెనాలిలో జరిగింది. పత్రికలు బాగా నడిచిన రోజుల్లో ఎడిటర్లే గురువులు, ఫలానా చోట కుదించండి అని కార్డు రాసేవారని పెద్దవాళ్లు చెబుతారు. నేను రాయడం మొదలుపెట్టేనాటికి అది పోయింది. కథ నా సొంతమేనని హామీపత్రం, తిరుగు స్టాంపు కవరు పెట్టి కథ పంపితే, వేసుకుంటే వేసుకునేవాళ్లు, లేదంటే కథ తిరిగొచ్చేది, ఎందుకు తిరిగొచ్చిందో చెప్పే నాథుడు లేడు. ఒకే కథ మూడుసార్లు తిరిగొస్తే నేను మూడుసార్లూ ముగింపే మార్చాను. లోపం ముగింపులో లేదని, కథ తప్పు మనిషి కళ్లతో చెప్పానని తెలియడానికి ఆరేళ్లు పట్టింది. ఒక మంచి పాఠకుడు పక్కన ఉంటే అరగంటలో తేలే విషయం అది. ఇప్పుడు ఆ పత్రికలూ తగ్గాయి, 1978 నుంచి నడిచిన విపుల, చతుర 2021లో ఆగిపోయాయి. ఆవిష్కరణ సభల్లో శాలువా కప్పి రెండు మంచి మాటలు చెప్పేవాళ్లున్నారు, అవీ కావాలి, కానీ పుస్తకం అచ్చయ్యాక చెప్పే మాట రాతను బాగుచేయలేదు.

ఇక కోర్సుల్లో రకాలు. అమెరికా ఎం.ఎఫ్.ఏ. రెండేళ్లు, కొన్నిచోట్ల మూడేళ్లు. బ్రిటన్ ఎం.ఏ. మామూలుగా ఏడాది. పీహెచ్‌డీ కూడా ఉంది, అందులో ఒక నవలో సంపుటో రాసి, దాంతోపాటు విమర్శనాత్మక సిద్ధాంత వ్యాసం కూడా ఇవ్వాలి. అమెరికాలో డబ్బు లెక్క వేరుగా ఉంటుంది, అది తెలియక చాలామంది మోసపోతున్నారు. అక్కడ మంచి పేరున్న కోర్సుల్లో చాలావరకు ఫీజు మాఫీ చేసి, డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పినందుకు స్టైఫండ్ కూడా ఇస్తాయి. అందుకే సీట్లు బాగా తక్కువ. టెక్సస్ ఆస్టిన్‌లోని మిచెనర్ సెంటర్ ఏడాదికి తీసుకునేది 12 మందినే. ఫీజు కట్టించుకునే కోర్సుల్లో సీటు సులభంగా వస్తుంది, కన్సల్టెన్సీలు చూపించేవి ఎక్కువగా అవే. బ్రిటన్‌లో ఫండింగ్ అరుదు. బ్రిటన్ ప్రభుత్వమిచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్ ఏడాది మాస్టర్స్‌కు మొత్తం ఖర్చు భరిస్తుంది, కానీ దానికి రెండేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, పోటీ తీవ్రం.

నా అభిప్రాయం దాచను. ఎవరో ఒకరు ఖర్చు భరిస్తే కళ్లు మూసుకుని వెళ్లండి. తాకట్టు పెట్టి, లోన్ తీసుకుని మాత్రం ఈ డిగ్రీకి వెళ్లొద్దు. ఇంజనీరింగ్ లోనును జీతం తీరుస్తుంది, కథల పుస్తకం తీర్చదు. తిరిగొచ్చాక ఆ ఈఎంఐ కట్టడానికి చేసే ఉద్యోగం, ఏ తీరిక కోసం వెళ్లారో ఆ తీరికనే మింగేస్తుంది. ఈ చదువు అసలు ఇచ్చేది ఏడాదో రెండేళ్లో సమయం, శ్రద్ధగా చదివే పదిమంది. ఆ రెంటికీ ఎంత వెల కట్టొచ్చో అంతే కట్టాలి.

అర్హతల్లో ఒక విచిత్రం మన ప్రాంతపు పిల్లలకు కలిసొస్తుంది. అమెరికా విశ్వవిద్యాలయాలు చాలావరకు పదహారేళ్ల చదువు అడుగుతాయి. మూడేళ్ల బి.ఏ. చదివినవాళ్లకు అక్కడ చిక్కు వస్తుంది, అందుకే వాళ్లు ఇక్కడ ఎం.ఏ. చేసి వెళ్తారు. బి.టెక్. నాలుగేళ్లు కాబట్టి ఆ గండం లేదు, పైగా ఎం.ఎఫ్.ఏ.కి సాహిత్యమే చదివి ఉండాలన్న పట్టింపు చాలాచోట్ల లేదు. వాళ్లు నిజంగా చూసేది మీ రైటింగ్ శాంపిల్. కథలైతే దాదాపు 20, 30 పేజీలు, కవితలైతే ఒక పది. మార్కులు, ఎందుకు చేరాలనుకుంటున్నారో చెప్పే ఎస్.ఓ.పి., మూడు రికమెండేషన్ లెటర్లు దాని తర్వాతే. గడువులు డిసెంబరు, జనవరిల్లో ఉంటాయి. అందుకే నవంబరులో శాంపిల్ మొదలుపెడతానంటే ఆ ఏడాది వదిలేయమంటాను. ఎస్.ఓ.పి. కన్సల్టెన్సీ చేత రాయించుకుంటే అది ఒక్కటే చాలు తిరస్కరించడానికి, రాయడం వచ్చని చెప్పుకునే అప్లికేషన్ కదా అది.

అన్నిటికన్నా పెద్ద ముడి భాష. ఆ కాగితంలో ఎక్కడా రాయని విషయం అదే. ఈ కోర్సులు దాదాపు అన్నీ ఇంగ్లీషులో రాసేవాళ్లకు. మీరు తెలుగులో ఎంత గొప్పగా రాసినా అక్కడ చర్చకు పెట్టాల్సింది ఇంగ్లీషు ప్రతే. ఆ అమ్మాయి కథ ఒకటి ఉంది, గుంటూరులో కోల్డ్ స్టోరేజీ దగ్గర మిరపకాయల ముచ్చికలు, అంటే తొడిమలు, తీసే ఒకామె గురించి. దాన్ని శాంపిల్ కోసం తనే ఇంగ్లీషులో రాసింది. రెండూ పక్కపక్కన పెట్టి చదివాను. తెలుగులో "పొద్దుగూకేసరికి చేతులు కావు, నిప్పులు" అని ఒక్క వాక్యం. ఇంగ్లీషులో అదే చోట ముచ్చిక అంటే ఏమిటి, దాన్ని ఎందుకు తీస్తారు, బస్తాకు ఎంతిస్తారు, ఆ ఘాటు ఎలా ఉంటుంది అని ఆరు వాక్యాలు వచ్చాయి. చదివేవాళ్లెవరో మనసులో మారగానే కథే మారిపోయింది. చెడిపోయిందని అనను, అది ఇంకో కథ. కొందరికి ఆ దూరం మేలు చేస్తుంది, రోజూ చూసేదాన్ని కొత్తగా చూడటం వస్తుంది. కొందరికి మాత్రం వాక్యం కింద నేల జారిపోతుంది. కాబట్టి "ఎక్కడ చేరను?" కన్నా ముందు "నేను ఏ భాషలో రచయితను?" అని తేల్చుకోవాలి. ఇంగ్లీషే మీ భాషయితే, కాన్వెంటులో చదివి ఆలోచన కూడా అందులోనే నడిచే పిల్లలు ఇప్పుడు బోలెడుమంది, వాళ్లకు ఆ కోర్సులు సరైన చోటు. తెలుగే అయితే అక్కడ నేర్చుకునేది చూపు మాత్రమే, వాక్యాన్ని ఇక్కడికొచ్చి మళ్లీ పట్టుకోవాలి.

దేశంలో ఏమున్నాయంటే, ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఇంగ్లీషు సృజనాత్మక రచనలో డిప్లొమా ఉంది, దూరవిద్య, విజయవాడలో వాళ్ల ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది. అది పీజీ కాదు, కానీ కథ, కవిత, ఫీచర్, రేడియో, టీవీ రచన అన్నీ రుచి చూపిస్తుంది, ఖర్చు కొద్దిగానే. తనకు నిజంగా ఇష్టమేదో తెలియని వాళ్లకు మంచి మొదలు. సినిమాకు రాయాలనుకునేవాళ్ల దారి వేరు, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రచనకు విడిగా కోర్సు ఉంది.

ఇప్పుడు ఆ నాన్నగారి ప్రశ్న. అమెరికాలో ఎం.ఎఫ్.ఏ.ని ఆ రంగంలో ఆఖరి డిగ్రీగా లెక్కేస్తారు, దాంతో కాలేజీలో రచన బోధించవచ్చు, ఉద్యోగాలు మాత్రం కొద్దే. మన దగ్గర అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే సంబంధిత సబ్జెక్టులో పీజీ, దాని మీద నెట్ గానీ సెట్ గానీ (రెండూ అర్హత పరీక్షలు) పీహెచ్‌డీ గానీ కావాలి. నెట్ సబ్జెక్టుల జాబితాలో తెలుగు ఉంది, ఇంగ్లీషు ఉంది, సృజనాత్మక రచన లేదు. కాబట్టి బోధన ఉద్యోగం మీద ఆశ ఉన్నవాళ్లు ఈ డిగ్రీ ఇక్కడ దేనికి సమానమవుతుందో వెళ్లకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇంకో దారి ఎవరూ గమనించరు. ఎం.ఏ. తెలుగు చేసి నెట్‌లో జె.ఆర్.ఎఫ్. (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే పరిశోధన కోసం 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. అది థీసిస్ కోసం ఇచ్చే డబ్బు, కథలకు కాదు, ఆ పని ఆ పనిగా చేయాల్సిందే. అయినా అప్పు లేకుండా, పుస్తకాల మధ్య, సొంత భాషలో గడిచే ఏళ్లు అవి. ఆయనకు ఇదంతా చెప్తే, "అంటే గ్యారంటీ ఏదీ లేదన్నమాట" అన్నారు. లేదండీ, అన్నాను. కన్సల్టెన్సీలో ఉందని చెప్పారట.

సమయాన్ని ఎవరూ మన చేతికి ఇవ్వకపోవచ్చు గానీ, ఆ పదిమంది పాఠకుల్ని మాత్రం బెజవాడ గుంటూరుల మధ్య కూడగట్టుకోవచ్చు. 30 కిలోమీటర్ల పైచిలుకు దూరం, గంటలో బస్సు. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, ఏలూరు రోడ్డులో కొత్తవి, కొత్త సంవత్సరంలో బుక్ ఫెస్టివల్, 1911 నాటి రామ్మోహన గ్రంథాలయం బెజవాడలో, లక్షకు పైగా పుస్తకాలున్న అన్నమయ్య గ్రంథాలయం గుంటూరులో. నిపుణత సంపాదించడానికి కావలసిన సరంజామా అంతా ఉంది. కథ ఎలా కట్టాలో తెలుగులోనే చదువుకోవాలంటే వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి కథాశిల్పం ఉంది, 1999లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన పుస్తకం.

మేం ఆరుగురం రెండేళ్లుగా రెండో ఆదివారం కలుస్తున్నాం. వారం ముందు కథ వాట్సాప్‌లో వస్తుంది, ప్రింటు తీసుకుని చదవాలి. "బాగుంది" అన్న మాట వాడకూడదు, ఎక్కడ ఆగిపోయామో ఆ లైను చూపించాలి. రచయిత చివర్లో మాట్లాడొచ్చు. మొదటి నాలుగు నెలలు చాలా కష్టంగా గడిచింది, ఒకాయన నొచ్చుకుని మానేశారు, ఆయన లోటు ఇప్పటికీ తెలుస్తోంది, ఆయనంత శ్రద్ధగా మార్జిన్‌లో రాసేవాళ్లు మాలో లేరు. ఆ రోజు మేం ఇంకొంచెం మెత్తగా చెప్పి ఉండాల్సింది.

ఆ అమ్మాయి ఈ ఏడు ఎక్కడా అప్లై చేయడం లేదు. ఇగ్నో డిప్లొమా వివరాలు తీసుకుంది, వచ్చే ఏడాది ఫండింగ్ ఇచ్చే చోట్లకు మాత్రమే పంపుతానంది, నాన్నగారితో అలాగే ఒప్పందం కుదిరింది. ముచ్చికల కథను ముందు తెలుగులో పూర్తి చేయాలనుకుంది. పోయిన ఆదివారం దాని మీద చర్చ జరిగింది. మా గుంపులో మిర్చి యార్డులో గుమాస్తాగా చేసినాయన ఒకరున్నారు, ఆయన ఒకటే అడిగారు: "సాయంత్రం వాళ్లకి కూలి ఎవరిస్తారమ్మా, ఎలా తూస్తారు? అది లేకుండా ఆవిడ ఇంటికెలా వెళ్లిపోయింది?" ఆ అమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత నోట్‌బుక్ తీసి రాసుకుంది. నిన్న రాత్రి కొత్త ప్రతి పంపింది, మూడు పేజీలు పెరిగింది, కాటా దగ్గరే ఆగింది.